గోడసీటు కొనే ముందు గోడను చూడండి

(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

సభలో కూర్చున్న పెద్దలకు, అమ్మలకు నమస్కారం.

స్నానాల గదిలో గోడకు బిగించుకునే సీటు గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు, దీని మీద ప్రసంగం ఏముంటుందని మొదట అనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ భవనాలు కట్టించిన నేను, మా అమ్మ కూర్చునే ఒక చిన్న సీటును సరిగా నిలబెట్టలేకపోయిన సంగతి ఆ వెంటనే గుర్తుకు వచ్చి, మాట్లాడతానని ఒప్పుకున్నాను. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

మా అమ్మకు అప్పటికి ఎనభై రెండేళ్లు. మోకాళ్లు వంగవు, చక్కెర జబ్బు ఉంది, అయినా శుక్రవారం తలకు నూనె పెట్టుకుని సీకాయతో పోసుకోవలసిందే. పాత రోజుల్లో చెక్కపీట మీద కూర్చుని పోసుకునేది. అర అడుగు ఎత్తు కూడా లేని పీట మీద నుంచి లేవాలంటే మోకాళ్లు పూర్తిగా మడిచి మళ్లీ చాచాలి కాబట్టి, కీళ్లు అరిగిన తర్వాత అది సాధ్యపడలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేశాము. స్నానాల గది గచ్చు నీళ్లు పోయే తూము వైపు వాలుగా ఉంటుంది కదా, ఆ వాలు మీద నాలుగు కాళ్ల కుర్చీ ఏదో ఒక మూల కదులుతూనే ఉంటుంది. నూనె, సబ్బు నురగ కలిసిన తడి గచ్చు మీద దాని కాళ్లు జారుతాయి కూడా. అందుకని, గోడకు బిగించి, అక్కర లేనప్పుడు పైకి మడిచిపెట్టే సీటు ఒకటి కొన్నాను. దుకాణం వాళ్లు పంపిన కుర్రాడు అరగంటలో బిగించి వెళ్లాడు. నేను పక్కనే నిలబడి చూసి, బాగుందన్నాను.

మూడు వారాలు బాగానే ఉంది. నాలుగో వారం ఒకరోజు ఉదయం, అమ్మ స్నానం ముగించి, లేవడానికని సీటు ముందు అంచుకు జరిగిన క్షణంలో, పై వరుసలోని రెండు స్క్రూలు వాటి ప్లాస్టిక్ ప్లగ్గులతో సహా గోడలో నుంచి ఊడి వచ్చాయి. సీటు ముందుకు ఒరిగింది. అమ్మ చేతికి పక్కనున్న నీళ్ల తొట్టి అంచు దొరికింది కాబట్టి మెల్లగా గచ్చు మీదికి జారింది, ఎముక విరగలేదు. నేను పరుగెత్తి వెళ్లేసరికి తెల్లటి టైలు అడ్డంగా పగిలి ఉంది, తడి గచ్చు మీద ఎర్రటి ఇటుక పొడి పడి ఉంది. అమ్మ నా ముఖం చూసి, “ఏం నాయనా, ఊరందరికీ కట్టి పెట్టినావు, నాకు ఒక పీట నిలబెట్టలేకపోతివా?” అనింది. సమాధానం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

సీటులో లోపం లేదు. పెట్టె మీద 150 కిలోలు మోస్తుందని అచ్చువేసి ఉంది, అమ్మ బరువు 58 కిలోలు. మరి ఎందుకు ఊడింది? ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, విసుగు పడవద్దు, ఎందుకంటే ఈ విషయమంతటికీ ఆ లెక్కే మూలం.

కాళ్లున్న కుర్చీ బరువును నేరుగా నేలకు దింపుతుంది. కాళ్లు లేని గోడసీటు అలా కాదు. మేకు పీకే సుత్తిని తలచుకోండి, పిడి ఎంత పొడుగైతే మేకు అంత సులువుగా ఊడుతుంది. గోడసీటు మీద కూర్చున్న మనిషి ఆ పిడి చివర కూర్చున్నట్టే లెక్క. మా సీటును గోడకు పట్టి ఉంచే పట్టీకి పైన రెండు స్క్రూలు, కింద రెండు స్క్రూలు, వాటి మధ్య దూరం 10 సెంటీమీటర్లు. అమ్మ సీటు మధ్యలో, అంటే గోడకు 20 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నప్పుడు, కింది భాగం గోడను నొక్కుతుంది, పై స్క్రూలను గోడలో నుంచి బయటికి లాగే బలం 58ని 20తో గుణించి 10తో భాగిస్తే వచ్చే 116 కిలోలు. లేవడానికని ముందు అంచుకు, అంటే 36 సెంటీమీటర్ల దూరానికి జరిగినప్పుడు అదే లాగుడు 209 కిలోల దాకా పెరుగుతుంది. ఇది నిదానంగా కూర్చునే మనిషి లెక్క. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు చివరి మూడు అంగుళాలు నిదానంగా దిగలేరు, ధబ్బున కూలబడతారు. ఒక బరువును ఎత్తు నుంచి వేయకపోయినా, మెల్లగా కాకుండా ఒక్కసారిగా వదిలితే దాని ప్రభావం రెట్టింపు అవుతుందని ఇంజనీరింగ్ విద్యార్థికి మొదట్లోనే నేర్పుతారు. అంటే రెండు ప్లాస్టిక్ ప్లగ్గుల మీద, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో, నేను మోపింది నాలుగు వందల కిలోలు. అది మూడు వారాలు నిలవడమే ఆశ్చర్యం.

కాబట్టి దుకాణానికి వెళ్లి, ఏ సీటు బాగుంటుందని అడిగే ముందు, ఇంట్లోనే ఆ గోడ ఎదురుగా నిలబడి, ఇది ఏ గోడ అని అడగాలి. పెట్టె మీద అచ్చువేసిన బరువు సీటుకు సంబంధించినదే తప్ప మీ గోడకు సంబంధించినది కాదు. అమెరికాలో వికలాంగుల సౌకర్యాల కోసం 2010లో తెచ్చిన ప్రమాణాలు కూడా 250 పౌండ్ల బలాన్ని, అంటే మన లెక్కలో సుమారు 113 కిలోలను, సీటు ఒక్కటే కాకుండా బిగింపులు, వాటిని పట్టుకునే గోడ నిర్మాణం కూడా తట్టుకోవాలని చెబుతాయి.

మన ఊళ్లో గోడలు ఎన్ని రకాలో మీకు తెలుసు. పాత ఇళ్లలో తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడలు, ఇంకా పాతవైతే రాతి గోడలు; గదులను విడదీసే నాలుగున్నర అంగుళాల అడ్డగోడలు; ఈమధ్య కట్టిన అపార్టుమెంట్లలో సిమెంటు ఇటుకలు, లోపలంతా గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు బ్లాకులు; కొన్నిచోట్ల మొత్తం కాంక్రీటు గోడలు. టైలు అతికించాక బయటికి అన్నీ ఒకటే. అయితే గోడ తన గుట్టు దాచుకోదు. రంధ్రం వేసేటప్పుడు రాలే పొడిని ఒక కాగితం మీద పట్టి చూడండి. ఎర్రగా వస్తే మట్టి ఇటుక. బూడిద రంగులో, గరుకుగా, డ్రిల్లు మొరాయిస్తూ దిగితే కాంక్రీటు. తెల్లగా, పిండిలా, డ్రిల్లు వెన్నలో దిగినట్టు దిగితే ఏఏసీ బ్లాకు. మొదటి రంధ్రం వేయగానే ఆగి, ఈ పొడిని చూసి, అప్పుడు ఏ బిగింపు వాడాలో తేల్చుకోవాలి. మా ఇంటికి వచ్చిన కుర్రాడు ఆగలేదు, పక్కనే ఉన్న నేనూ ఆపలేదు.

అంతకంటే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. సీటు వచ్చేచోట టైళ్లను వేలి కణుపుతో తట్టి చూడండి. గట్టిగా, మొద్దుగా పలికితే వెనుక సిమెంటు నిండుగా ఉన్నట్టు. డప్పులా పలికితే వెనుక ఖాళీ ఉన్నట్టు, అక్కడ బోల్టు బిగించగానే టైలు పగులుతుంది. నేను తర్వాత మా గోడను తట్టి చూస్తే, పగిలిన టైలు పక్కది కూడా డప్పులాగే పలికింది.

ఇక బిగింపుల సంగతి. కాంక్రీటు గోడ అయితే అదృష్టవంతులు, విచ్చుకుని పట్టుకునే ఇనుప యాంకర్ బోల్టులు సరిపోతాయి. ఇటుక గోడలో అవే బోల్టులు విచ్చుకునేటప్పుడు ఇటుకనే చీల్చవచ్చు కాబట్టి, జిగురు మందు నింపి కడ్డీని కూర్చోబెట్టే పద్ధతి మేలు, దానిని కెమికల్ యాంకర్ అంటారు. ఇటుకలో బొక్కలుంటే ముందుగా జల్లెడలాంటి గొట్టం పెట్టి మందు నింపాలి, లేకపోతే మందంతా లోపలి ఖాళీలోకి జారిపోతుంది. ఈ పద్ధతి విఫలమైన చోట తరచుగా మందులో తప్పుండదు. రంధ్రంలో పొడి మిగలడమే తప్పు. గాలి ఊది, బ్రష్షుతో తుడిచి, మళ్లీ ఊది శుభ్రం చేసిన తర్వాతనే మందు నింపి, కనీసం ఒక రోజు ముట్టుకోకుండా వదిలేయాలి. టైలు మీద మాత్రం డ్రిల్లులోని సుత్తిపోటును ఆపి, టైలు బిట్టుతో మెల్లగా తొలచి, ఇటుక తగిలాకనే మామూలు బిట్టు వేయాలి. చివరగా రంధ్రాల చుట్టూ సిలికాన్ పూయకపోతే నీళ్లు గోడలోకి దిగి, వెనుక గదిలో సున్నం ఉబ్బుతుంది.

నాలుగున్నర అంగుళాల గోడకు, ఏఏసీ బ్లాకు గోడకు నేను వీటిలో దేనినీ పూర్తిగా నమ్మను. గోడ ఇవతలి నుంచి అవతలికి బోల్టు పోనిచ్చి, అవతలి వైపు వెడల్పాటి ఇనుప పలక పెట్టి నట్టు బిగించడం ఒక మార్గం. అప్పుడు లాగుడు ఒక్క రంధ్రం మీద పడకుండా గోడలో వెడల్పాటి భాగం మీద పరచుకుంటుంది. మా ఇంట్లో చివరికి చేసింది ఇదే. చిక్కేమిటంటే మా స్నానాల గది గోడకు అవతల దేవుడి గది ఉంది. దేవుడి గదిలో బోల్టులేమిటని నా భార్య రెండు రోజులు ఒప్పుకోలేదు. పలకకు గోడ రంగే పూసి, దాని మీద దేవస్థానం వారి క్యాలెండరు తగిలించాక ఒప్పుకుంది. ఆ గోళ్లంత నట్లు నాలుగు ఇప్పటికీ స్వామివారి వెనుకనే ఉన్నాయి.

రెండో మార్గం ఇంకా సులభం. వెనుక గోడకు, ముందు నేలకు ఆనుకునేలా మడత కాళ్లున్న సీటు కొనడం. కాళ్లు నేలను తాకగానే ముందు అంచు బరువును నేల తీసుకుంటుంది, గోడ మీద లాగుడు చాలా వరకు తగ్గిపోతుంది. చూడటానికి కాళ్లు లేని సీటంత నాజూకుగా ఉండదు, గది కడిగేటప్పుడు అడ్డం కూడా వస్తుంది. అయినా గోడ మీద ఏమాత్రం అనుమానమున్నా కాళ్లున్నదే కొనమని నా సలహా. కాళ్ల అడుగున రబ్బరు బూట్లు, గచ్చు వాలును బట్టి పొడుగు సరిచేసుకునే మరలు ఉన్నాయో లేదో చూసుకోండి. కాళ్లు లేనిదే కావాలనుకుంటే, గోడ పట్టీ నిలువుగా పొడుగ్గా ఉన్నది ఎంచుకోండి. పై బోల్టులకూ కింది బోల్టులకూ దూరం 10 సెంటీమీటర్లకు బదులు 20 ఉంటే, ఇందాకటి లాగుడు సగానికి సగం తగ్గుతుంది.

బిగించిన తర్వాత వెంటనే మనిషిని కూర్చోబెట్టవద్దు. పాతిక కిలోల బియ్యం మూటలు నాలుగింటిని సీటు ముందు సగం మీద పేర్చి, జారకుండా ఒకరు పట్టుకుని నిలబడండి. గోడకూ పట్టీకీ మధ్య పై అంచున ఒక విజిటింగ్ కార్డు దూర్చి చూడండి. బరువు పెట్టక ముందు దూరని కార్డు, పెట్టిన తర్వాత దూరితే, బిగింపు కదిలినట్టే. అమ్మ రెండోసారి కూర్చునే ముందు ఈ పరీక్ష తానే దగ్గరుండి చేయించుకుంది.

గోడ అయింది, ఇప్పుడు మనిషి. సీటు ఎత్తు ఎంత ఉండాలని అడిగితే దుకాణంలో పద్దెనిమిది అంగుళాలు అంటారు. అమెరికా ప్రమాణాల్లో 17 నుంచి 19 అంగుళాలని ఉంది, అది చక్రాల కుర్చీ నుంచి పక్కకు జరిగి కూర్చునేవారికి అనుకూలమైన ఎత్తు. మన ఇళ్లలోని పొట్టి మనుషులకు, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లకు, 19 అంగుళాల సీటు మీద పాదాలు నేలకు ఆనవు. వేలాడే పాదాలతో తడి సీటు మీద కూర్చున్న మనిషి ముందుకు జారుతుంది. అందుకని వాడబోయే మనిషిని చెప్పుల్లేకుండా కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు టేపుతో కొలవండి. మా అమ్మకు పదిహేనున్నర అంగుళాలు వచ్చింది. లేవడం సులువయ్యేందుకు ఒక అంగుళం కలిపి పదహారున్నర దగ్గర బిగించాము. కొలత గోడ మొదట్లో తీసుకోకుండా, పాదాలు ఆనేచోటు నుంచి తీసుకోవాలి, ఎందుకంటే వాలు వల్ల రెండడుగుల దూరంలోనే గచ్చు అర అంగుళం దిగవచ్చు. తుంటి ఎముక మార్పిడి చేయించుకున్నవారి సంగతి వేరు. తుంటి ఎక్కువగా మడవకూడదని వైద్యులు హెచ్చరిస్తారు కాబట్టి వారికి ఇంకొంచెం ఎత్తు కావాలి. మన బర్డ్ ఆసుపత్రిలో గానీ మరొకచోట గానీ శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఆ ఎత్తును తమ ఫిజియోథెరపిస్టునే అడిగి తెలుసుకోవాలి, నన్ను కాదు.

నిలబడి స్నానం చేయడం వయసు మీద పడ్డాక ఎందుకు కష్టమవుతుందో కూడా చెప్పాలి. మనిషిని నిటారుగా నిలిపేవి మూడు: కళ్లు, చెవి లోపలి సమతూక యంత్రం, పాదాలకూ కీళ్లకూ ఉండే స్పర్శ. తలకు సీకాయ పెట్టుకుని కళ్లు మూసుకోగానే మొదటిది పోతుంది. చక్కెర జబ్బుతో పాదాలు తిమ్మిరెక్కిన వారికి మూడోది అంతకు ముందే సగం పోయి ఉంటుంది. వేన్నీళ్లు పోసుకున్నప్పుడు చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని రక్తపోటు తగ్గుతుంది, రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి ఇంకా తగ్గవచ్చు, అప్పుడు గభాల్న లేస్తే కళ్లు తిరుగుతాయి. అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి దర్శనం చేసుకుని వచ్చిన మనిషి కూడా ఇంట్లో రెండు గజాల తడి గచ్చు మీద పడిపోవడానికి కారణం ఇదే. ఇందులో చిన్నతనమేమీ లేదు. సీటు వాడమంటే, నాకేం ముసలితనం వచ్చిందా అని కోపగించుకునే మగవాళ్లు ఈ సభలో కూడా ఉన్నారని వారి భార్యల నవ్వులను బట్టి తెలుస్తోంది.

సీటు ఎక్కడ బిగించాలన్నది మన స్నానపు అలవాటును బట్టి తేల్చుకోవాలి. ఈ సీట్లను షవరు కింద కూర్చునే దేశాల్లో రూపొందించారు. మనం బకెట్టు, మగ్గు మనుషులం. పదహారు అంగుళాల ఎత్తున కూర్చుని నేల మీది బకెట్టులోకి వంగి ముంచుకోవాలంటే, ఏ పడిపోవడాన్ని తప్పించాలని సీటు కొన్నామో, ముందుకు వంగి దాన్నే పిలిచినట్టు. రెండు దారులున్నాయి. కూర్చున్న చేతికి అందేలా కుళాయి పక్కన చేతి షవరు పెట్టించి, దాని గొట్టం కనీసం ఐదడుగులు ఉండేలా చూసుకోవడం ఒకటి. మగ్గుతో పోసుకుంటేనే స్నానం చేసినట్టుంటుందని అనేవారికి, బకెట్టును కుడిచేతి పక్కన అడుగు ఎత్తు రాతి దిమ్మె మీద పెట్టించడం రెండోది. మా అమ్మ రెండోదాన్నే ఎంచుకుంది. కుళాయి గొట్టం దిమ్మె మీది బకెట్టు దాకా అందకపోతే ప్లంబరుతో ఆ పని కూడా ముందే చేయించుకోండి.

సీటు పక్క గోడకు పట్టుకునే కడ్డీ తప్పనిసరి. తువ్వాలు వేసుకునే కడ్డీ ఆ పనికి రాదు, అది తువ్వాలు బరువుకే చేసింది. పట్టు కడ్డీ గుండ్రంగా, ఒకటిన్నర అంగుళాల మందాన, గోడకు ఒకటిన్నర అంగుళాల ఎడంతో ఉంటే పిడికిలి సరిగ్గా బిగుస్తుంది. ఎడం ఎక్కువైతే జారిన చేయి మోచేతి దాకా ఇరుక్కుంటుంది. గోడ గురించి చెప్పిన జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి. గాలి పీడనంతో టైలుకు అతుక్కునే రబ్బరు గిన్నెల కడ్డీలను నమ్మి బరువు మోపవద్దు.

సీటు దేనితో చేసిందన్నది వీటి తర్వాతి సంగతి. మందపాటి ప్లాస్టిక్ చల్లగా తగలదు, శుభ్రం చేయడం తేలిక. నీళ్లు నిలవకుండా సందులో రంధ్రాలో ఉండాలి. టేకు చెక్క అందంగా ఉంటుంది, మన తడికి దానిని ఆరబెట్టే ఓపిక ఉండాలి. మడత కీలు, చట్రం, బోల్టులు మాత్రం 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. మనలో చాలామంది బోరు నీళ్లే వాడతాము, ఆ నీళ్లు బకెట్టు అంచున తెల్లటి పొర ఎలా కట్టిస్తాయో, కీలులోనూ అలాగే కట్టిస్తాయి. ఇనుము మీద మెరుగు పూసిన చట్రం రంధ్రాల దగ్గరే మొదట తుప్పు పడుతుంది. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది 304 కాకపోవచ్చునని అనుమానించండి. దుకాణంలోనే సీటును పైకి మడిచి చేయి తీసేయండి. దానంతట అదే కిందికి పడితే వద్దని చెప్పి వచ్చేయండి, లేకపోతే అది మీ ఇంట్లో వేళ్ల మీదో తల మీదో పడుతుంది.

వేన్నీళ్ల గురించి ఒక మాట. గీజరు నీళ్లు 60 డిగ్రీలుంటే కొన్ని క్షణాల్లోనే చర్మం కాలుతుంది, కూర్చున్న మనిషి గభాల్న పక్కకు తప్పుకోలేదు. షవరు నుంచి వచ్చే నీళ్లు 49 డిగ్రీలు దాటకూడదని అమెరికా ప్రమాణాల్లో ఉంది. బకెట్టులో ముందు చన్నీళ్లు పట్టి, ఆపైన వేన్నీళ్లు కలపండి. తిమ్మిరి పాదాలతో కాకుండా మోచేతితో వేడి చూసుకోండి. తలుపు గొళ్లెం బయటి నుంచి కూడా తీయగలిగేదిగా మార్పించండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడిన మనిషే దానికి అడ్డం కావచ్చు కాబట్టి, వీలైతే బయటికి తిప్పించండి.

లేచేటప్పుడు ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలను సీటు కిందికి లాక్కుని, ఒక చేయి కడ్డీ మీద, ఒక చేయి సీటు మీద పెట్టి, ముక్కు పాదాల వేళ్ల మీదికి వచ్చేలా ముందుకు వంగి లేవాలి. కుళాయిని గానీ తలుపు పిడిని గానీ పట్టుకోకూడదు.

ఇందాక వెనుక వరుసలో నుంచి ఒకమ్మ, తమది అద్దె ఇల్లని, గోడకు ఒక మేకు కొట్టినా ఇంటాయన ఊరుకోడని అన్నారు. అమ్మా, మీకు గోడసీటు వద్దు. నాలుగు కాళ్లకూ పొడుగు మార్చుకునే మరలు, వెడల్పాటి రబ్బరు బూట్లు, రెండు పక్కలా చేతులు ఉన్న అల్యూమినియం స్నానపు కుర్చీ కొనుక్కోండి. గచ్చు వాలుకు తగ్గట్టు ఒక్కో కాలిని విడిగా సరిచేసి, కుర్చీ వెనుక భాగాన్ని గది మూలకు ఆనించి పెట్టుకోండి. ఇల్లు మారినప్పుడు దాన్ని మీతోనే తీసుకుపోవచ్చు. గోడసీటు ఉన్నవారు మాత్రం ఈ రోజు ఇంటికి వెళ్లాక, స్పానరు తీసుకుని పై వరుస బోల్టులు ఒకసారి తిప్పి చూడండి. నేను ప్రతి నెలా మొదటి తారీఖున క్యాలెండరులో కాగితం చించేటప్పుడు, వెనుకనున్న ఆ నాలుగు నట్లనూ తిప్పి చూస్తాను.